రెండు కొడితేనే వచ్చిన నీళ్లు

దయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. పెళ్లయిన కొత్తలో మా పొలానికి దారి శవాలను పూడ్చే బొందలగడ్డ పక్కనుంచే ఉండేది. పొద్దుగూకాక కూడా సద్దిగిన్నె నెత్తిన పెట్టుకుని ఆ దారినే ఒంటరిగా పోయేదాన్ని. ఒక్కసారి కూడా ఎవరూ నన్ను పలకరించలేదు. మా ఆడబిడ్డకు గాలి సోకిందని ఇంట్లోవాళ్లు మంత్రగాడిని పిలిస్తే, వాడి చేతిలోని వేపమండ లాక్కుని వాడికే రెండు తగిలించి పంపాను. ఆమెకు ఒంట్లో రక్తం లేదు, అంతే. మందులు వాడితే లేచి తిరిగింది.

కాబట్టి కింద రాసింది దయ్యం కథ అని నేను అనడం లేదు. ఏమంటారో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. నా బిడ్డ సుజాత డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి నేర్పింది. వంపులు తిప్పి రాయడం నాకు చేతకాదు.

ఇప్పుడు నేను సుజాత దగ్గరే, బాన్సువాడలో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. అల్లుడు గల్ఫులో ఉంటాడు. ఇంట్లో మేమిద్దరమే. మాది మూడో అంతస్తు. దాని మీద డాబా, డాబా మీద నీళ్ల ట్యాంకు. కింద బోరు ఉంది. ఆ నీళ్లు ఉప్పన. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బకెట్లకు తెల్లటి పొర కడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నలభై ఏళ్లు నాట్లేసి, కోతలు కోసి, మూటలు మోసి నా భుజాలు పట్టేశాయి. రెండు చేతులూ ఛాతీ దాటి పైకి లేవవు. తినగలను, రాయగలను, నడుముకు చీర కట్టుకోగలను. చెంబుతో నెత్తిన నీళ్లు మాత్రం పోసుకోలేను. ఏడాదిగా సుజాతే నాకు స్నానం చేయిస్తోంది.

చిన్నప్పుడు నా తల్లి పోసింది. ఆ తర్వాత నా ఒంటి మీద నీళ్లు ఇంకొకరు పోసింది లేదు. కాన్పయిన మూడో రోజు కూడా నేనే పోసుకున్నాను. అలాంటి నేను నా బిడ్డ ముందు పీట మీద ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. సుజాత ఒక్కమాట అనలేదు. కానీ ఆ ఏడాదిలో నేను ఎన్నిసార్లు స్నానం ఎగ్గొట్టానో నాకు తెలుసు.

ఇంతలో సుజాతను ఆఫీసువాళ్లు మద్నూర్‌కు బదిలీ చేశారు. పొద్దున ఏడింటి బస్సు పట్టుకోవాలి. నాకు నీళ్లు పోసే టైము ఉండదు. పక్క వీధిలో ఒకామె ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తుంది, ఆమెతో మాట్లాడతానంది సుజాత. పరాయి మనిషి నన్ను తోమడం నేను బతికుండగా కుదరదన్నాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి తనే దిగొచ్చింది.

"షవర్ పెట్టిద్దాం. జోరుగ వచ్చేది. పదిహేను దినాలు చూద్దాం. నీ అంతట నువ్వు చేసుకుంటివా, మంచిది. లేకుంటే ఆమెను పిలుస్త. ఇగ నువ్వు మాట్లాడద్దు."

సరేనన్నాను.

మెయిన్ రోడ్డు మీద పైపులు, నల్లాలు అమ్మే దుకాణానికి పోయాం. దుకాణాయన మద్నూర్ అవతలి మనిషి. ఫోన్లో మరాఠీ, మాతో తెలుగు. ముందుగా చాటంత వెడల్పున్న షవరు చూపించి, నీళ్లు అచ్చం వాన లెక్క పడతాయన్నాడు.

"వానల తడిసే పని నలభై ఏండ్లు చేసిన. నాకు నీళ్లు గావాలె, వాన వద్దు," అన్నాను. ఆయన నవ్వి దాన్ని మళ్లీ గోడకు తగిలించాడు.

గుండ్రంగా తిప్పే నల్లాలు వద్దన్నాను. మణికట్టుతో తిప్పాలంటే భుజం లాగుతుంది. మోచేత్తో కిందికి నొక్కితే నీళ్లొచ్చే పిడి కావాలన్నాను. నాలుగు రకాలు ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ మోచేత్తో నొక్కి చూశాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. చూడనీ, స్నానం చేసేది వాళ్లు కాదు. నాలుగోది మెత్తగా దిగింది. అదే తీసుకున్నాం.

ఏ అంతస్తు అని అడిగి, ట్యాంకు నెత్తి మీదే ఉంటే జోరు రాదన్నాడు ఆయన. నీళ్లకు ఎత్తు కావాలి. ఎత్తు లేకపోతే పంపు కావాలి. పిడి నొక్కగానే దానంతటదే నడిచే చిన్న పంపు ఉంది, ట్యాంకు దగ్గర బిగిస్తే సరిపోతుందన్నాడు. ఎందుకో కూడా విడమరిచి చెప్పబోయాడు. ఎత్తుపల్లాల సంగతి నాకు చెప్పనక్కర్లేదన్నాను. నా మొగుడు నీరటి.

ఈ కాలం వాళ్లకు నీరటి అంటే తెలియకపోవచ్చు. కాలువ నీళ్లను వంతుల ప్రకారం పొలాలకు వదిలే మనిషి. మా ఊరు మహమ్మద్ నగర్ దారిలో, నిజాంసాగర్ కాలువ కింద ఉంటుంది. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. నేను రాస్తాను. సాయిలు. నేను రాయడం నేర్చుకున్న మొదటి పేరు అదే.

పెద్ద కాలువ నుంచి మా ఊరి పిల్లకాలువకు నీళ్లు వదిలే తూము ఊరికి ఆ చివర ఉండేది. పిల్లకాలువ చివరి మడి మాది, ఈ చివర. నేను కాపురానికి రాకముందు ఒకసారి, కాలువలో ఆడుకుంటున్న పిల్ల ఉండగానే ఎవరో తూము ఎత్తారట. పిల్ల దక్కలేదు. అందుకని సాయిలు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తూము దగ్గర రైలుపట్టా ముక్క వేలాడదీశాడు. మా మడి దగ్గర వేపచెట్టుకు ట్రాక్టరు పాత ఇనుప పళ్లెం కట్టాడు. తెల్లారగానే తూము దగ్గర మూడు కొట్టేవాడు. 'వదలనా?' అని దాని అర్థం. నేను కాలువ పొడుగూతా చూసి, బట్టలు ఉతికేవాళ్లను, పిల్లలను, బర్రెలను గట్టెక్కించి రెండు కొట్టేదాన్ని. 'వదులు' అని. నేను రెండు కొట్టేదాకా ఆగి ఆగి మూడు కొడుతూనే ఉండేవాడు.

ఒకసారి మా ఇద్దరికీ గొడవైంది. దేనికో గుర్తులేదు. పొద్దున ఆయన మూడు కొట్టాడు. నేను కొట్టలేదు. మళ్లీ కొట్టాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఊళ్లో రైతులు తూము దగ్గరికి పోయి తిట్టారు, బతిమిలాడారు. ఆయన వదల్లేదు. పొద్దెక్కాక కాలువ గట్టెంబడి అంత దూరం నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు కొట్టలే?"

"ఒళ్లు మండి కొట్టలే."

"మండితే మండనీ. నువ్వు రెండు కొట్టంది నేను వదల. ఊరంత అచ్చి నా కాళ్ల మీద పడ్డా వదల."

అంతే అని వెనక్కి తిరిగి పోయాడు. ఆయన తూము దగ్గరికి చేరిన తర్వాత మళ్లీ మూడు వినబడ్డాయి. రెండు కొట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆపలేదు. ఒక్కసారి తప్ప. అది తర్వాత చెబుతాను.

సాయిలు పోయి ఎనిమిదేళ్లయింది.

షవరు బిగించడానికి దుకాణాయన ఖాజాను పంపాడు. ఖాజాది రుద్రూర్. నలభై దాటిన మనిషి, పని తెలిసినవాడు. గోడ పగలగొట్టి లోపల ప్లాస్టిక్ పైపు వేసి గీజరుకు కలిపాడు. షవరును నా నెత్తికి జానెడు ఎత్తులో, పిడిని నా నడుము ఎత్తులో పెట్టాడు. నేను జారిపడకుండా పట్టుకునేందుకు గోడకు స్టీలు రాడ్డు బిగించాడు. అంతా అయ్యాక పిడి నొక్కితే నీళ్లు ఎదురు గోడకు పోయి కొట్టాయి. ఆ సాయంత్రం సుజాత స్నానం చేసి, ఒళ్లంతా ఎవరో పిసికినట్టుంది అంది.

మర్నాడు పొద్దున నేను పోయాను. తలుపు వేసుకుని, పిడిని మోచేత్తో నొక్కాను. డాబా మీద పంపు రయ్యిమనడం వినిపించింది. నీళ్లు రాలేదు. గోడలో ఏదో మోగింది. మూడుసార్లు. ఆగింది. మళ్లీ మూడుసార్లు.

సుజాతను పిలిచాను. వచ్చి నొక్కింది. నీళ్లు జోరుగా పడ్డాయి. నువ్వు సరిగా నొక్కలేదంది. తను పక్కకు జరిగాక నొక్కాను. మూడు మోత. నీళ్లు లేవు. ఆ రోజు కూడా తనే పోసి, బస్సు తప్పిపోయి ఆటోలో పోయింది.

ఖాజా వచ్చాడు.

"గాలి వట్టిందవ్వా. కొత్త లైను గదా, గిట్లనే కొట్టుకుంటది."

ట్యాంకు దగ్గర గాలి పోయే గొట్టం పెట్టాడు. పిడి విప్పి మళ్లీ బిగించాడు. తను నొక్కితే నీళ్లు. సుజాత నొక్కితే నీళ్లు. మర్నాడు తలుపేసుకుని నేను నొక్కితే మళ్లీ అదే మోత.

నాలుగు రోజులకు ఖాజా మూడోసారి వచ్చాడు. నా ముందర చూపించమన్నాడు. నేను చీరతోనే లోపల నిలబడి నొక్కాను. పంపు నడిచింది. మూడు. ఆగింది. మూడు. ఖాజా నా చెయ్యి పక్కకు జరిపి తను నొక్కాడు. నీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. కట్టేసి మళ్లీ నన్ను నొక్కమన్నాడు. మూడు. పది సార్లన్నా చేయించాడు. మొదట్లో నవ్వుతూ చేయించాడు. తర్వాత నవ్వలేదు. గోడకు చెవి ఆనించి విన్నాడు.

"గాలైతే నాకు గూడ రావద్దు గదా అవ్వా."

వేలితో గోడను తట్టి చూపించాడు.

"ఇంకోటి. లోపల ఉన్నది ప్లాస్టిక్. నేనే ఏసిన. ప్లాస్టిక్ టపటప కొట్టుకుంటది. ఇది ఇనుము మోగుతుంది."

ఆ సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. రైలుపట్టా మోత ఎలా ఉంటుందో, దెబ్బ ఆగాక కూడా గాలిలో ఎంతసేపు సాగుతుందో, పాతికేళ్లు విన్న చెవి మరిచిపోదు. తెలిసినా నమ్మలేదు. నమ్మితే, మంత్రగాడిని కొట్టిన నేను ఏమైపోవాలి?

ఖాజా సామాను సర్దుకుని పోయాడు. ఇంకోసారి పిలవొద్దన్నట్టే పోయాడు. పదిహేను రోజుల గడువు అయిపోయింది. శనివారం ఆ పక్కవీధి ఆమె వచ్చింది. మంచామే. బాత్రూము చూసి, పీట ఎక్కడ వేయాలో చూసి, నన్ను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. సోమవారం నుంచి వస్తానంది. ఆ చూపుతోనే నా ఒంటిమీద బట్టలు లేనట్టయింది నాకు.

ఆదివారం తెల్లారింది. సుజాత వంటింట్లో ఉంది. ఒక్కసారి చూస్తానని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఉతుక్కోవాల్సిన జాకెట్టు, సబ్బు, మా పాత ఇత్తడి చెంబు వెంట తీసుకుపోయాను. ఆ చెంబు లేకుండా నాకు స్నానమైనట్టుండదు. పోసుకోలేకపోయినా దగ్గర పెట్టుకుంటాను.

నొక్కాను. మూడు మోగాయి. ఆగింది. మూడు.

ఇప్పుడు ఆ ఒక్కసారి సంగతి చెప్పాలి. సుజాతకు కూడా ఇన్నేళ్లూ చెప్పలేదు. రాసింది చదువుతుంది కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది.

సాయిలుకు పక్షవాతం వచ్చి నిజామాబాద్ దవాఖానలో రెండు రోజులు ఉన్నాడు. మాట పడిపోయింది. ఒక చెయ్యి ఆడేది. లోపలికి మమ్మల్ని పోనిచ్చేవాళ్లు కాదు. నేను బయట వరండాలో చాప మీద ఉన్నాను. రెండో రోజు పొద్దున నర్సు బయటికి వచ్చి అడిగింది. "మీ ఆయన మంచం రాడ్డు మీద ఉంగురంతోని కొడుతుండమ్మా. మూడు కొట్టుడు, ఆగుడు, మళ్ల మూడు. రాత్రి సంది గదే. ఏమన్న గావాల్నంటుండా?"

నేను లేచి పరుగెత్తాను. మంచం దాకా చేరేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది. నేను రాడ్డు మీద రెండు కొట్టాను. అప్పటికి వినేవాడు లేడు.

రాత్రంతా అడిగాడు. నేను గోడకు ఇవతలే ఉన్నాను. నాకు వినబడలేదు.

బాత్రూములో నిలబడి ఇదంతా గుర్తు చేసుకున్నానని కాదు. అంత టైము లేదు. చెయ్యి దానంతటదే చెంబు తీసుకుంది. ఛాతీ ఎత్తులో ఉన్న స్టీలు రాడ్డు మీద కొట్టాను. ఒకటి. రెండు.

గోడలో మోత ఆగిపోయింది.

నీళ్లు వెంటనే రాలేదు. తూము ఎత్తగానే చివరి మడికి నీళ్లు రావు. ఎండిన కాలువలో చాలాదూరం రావాలి. ముందు చప్పుడు వస్తుంది. ఎండుటాకులను, గడ్డిని నెట్టుకుంటూ వచ్చే గలగల. వంగి చెవిపెట్టి వినేవాళ్లకే తెలుస్తుంది. ఆ చప్పుడు మూడో అంతస్తులో, నాలుగు పక్కలా సిమెంటు గోడలున్న బాత్రూములో విన్నాను. ఎక్కడో దూరంగా మొదలై దగ్గరికొచ్చింది. నేను రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. భయం వేయలేదు.

అప్పుడు నీళ్లు వచ్చాయి. సుజాత స్నానం చేసినప్పటిలా సూదుల్లా కాదు. నిండుగా, ఒక్క ధారగా, నెత్తి మీద ఎవరో గంగాళం వంచినట్టు. ఎండకు కాగిన రాళ్ల మీదుగా వచ్చే మొదటి నీళ్లలా గోరువెచ్చగా ఉన్నాయి. తడిసిన మట్టి వాసన వచ్చింది. సబ్బు చేతిలో పట్టుకుని ఛాతీకి రాస్తే మోచేతుల దాకా నురగ పొంగింది. కళ్లు మూసుకుని నిలబడ్డాను. నెత్తి తడిసింది, వీపు తడిసింది, చేతులు లేవకపోయినా అంతా తడిసింది. ఏడాది తర్వాత నా స్నానం నేను చేశాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చాలు అనుకున్నప్పుడు పిడి ఎత్తాను. ఆగింది.

బయటికి వచ్చేసరికి హాల్లో ఫ్యాను తిరగడం లేదు. సుజాత విసనకర్రతో నిలబడి ఉంది.

"నీళ్లు పడ్డ సప్పుడు ఇనబడ్డది. కరెంటు పోయి అద్దగంట అయితుంది. పంపెట్ల నడిచిందమ్మా?"

అప్పుడు నాకు తట్టింది. ఆ పొద్దున నొక్కినప్పుడు డాబా మీద పంపు రయ్యిమనలేదు.

తుండుగుడ్డ తీసుకుని నా తల తుడవడానికి వచ్చింది. రెండు పాయలు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"జుట్టేంది, గింత మెత్తగున్నది? ఏం పెట్టినవ్?"

ఏమీ పెట్టలేదన్నాను. బోరు నీళ్లకు మా ఇద్దరి జుట్టూ పీచులా అయిపోయి ఏళ్లయింది. సుజాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాలాసేపు తల దువ్వింది.

సాక్ష్యం అనదగినవేవో, కానివేవో నేనే చెబుతాను. నీళ్లు వెచ్చగా ఉండటం సాక్ష్యం కాదు. గీజరులో వేడి మిగిలి ఉండొచ్చు. నీళ్లు పోయే జాలీలో చిటికెడు ఒండ్రు మట్టి కనబడింది, అదీ కాదు. ట్యాంకు అడుగున ఉన్నదేదో కొట్టుకొచ్చిందేమో. వాసన నా ముక్కుకే తెలుసు, దాన్నీ వదిలేయండి. కరెంటు లేకుండా ఆ జోరు ఎలా వచ్చింది? ప్లాస్టిక్ పైపులో ఇనుము ఎలా మోగింది? ఉప్పు నీళ్లలో ఆ నురగ ఎక్కడిది? ఈ మూడింటికి నాకు జవాబు దొరకలేదు. మూడో దానికి నా జుట్టు, సుజాత వేళ్లు సాక్ష్యం.

సోమవారం ఆ పక్కవీధి ఆమెను గుమ్మంలోనే ఆపి, అవసరం లేదమ్మా అని టీ ఇచ్చి పంపాం. సుజాత ఏడింటి బస్సు ఎక్కింది. నేను లోపలికి పోయి నొక్కాను. పంపు రయ్యిమంది. నీళ్లు సూదుల్లా పడ్డాయి. మోత లేదు. సబ్బు నురగ రాలేదు. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, మామూలు బోరు నీళ్లు. ఆ రోజునుంచి ఈ రోజు వరకు మళ్లీ ఆ మోత వినలేదు.

తర్వాత ఖాజా వేరే ఫ్లాటులో పనికొచ్చి, మనసు ఆగక మా తలుపు కొట్టాడు. షవరు నడుస్తోందంటే లోపలికొచ్చి నాతోనే నొక్కించి చూశాడు.

"ఏం చేసినవవ్వా?"

"రెండు కొట్టిన."

పైపులో రాయి అడ్డం పడి ఉంటే దెబ్బకు కదిలి ఉంటుందనుకున్నాడు. నేనూ కాదనలేదు. ఇప్పుడు ఎక్కడ షవరు మొరాయించినా స్పానరుతో రెండు కొట్టి చూస్తున్నాడట. ఒక్కచోటా పనిచేయలేదట. మొన్న వచ్చి నన్నే తప్పుపట్టాడు.

చదువుకున్నవాళ్లు ఎవరైనా పైపుల లెక్క, గాలి లెక్క చెబితే వింటాను. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. రోజూ పొద్దున నా స్నానం నేనే చేసుకుంటున్నాను. పిడి నొక్కే ముందు చెంబుతో రాడ్డు మీద రెండు కొడతాను. ఎవరూ అడగరు, అయినా కొడతాను.

నాకు తెలిసింది ఇంతే. ఆయన అడిగాడు, నేను చెప్పాను. ఎనిమిదేళ్లు ఆలస్యంగా చెప్పింది ఎలా విన్నాడో మాత్రం నాకు తెలియదు.